అప్పు ఉంటే సెక్యూరిటీ క్లియరెన్స్ రాదా?

ప్రశ్న: మేం వర్జీనియాలో ఉంటాం. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, ఈ మధ్యే కంప్యూటర్ సైన్స్ పూర్తిచేశాడు. ఒక డిఫెన్స్ కాంట్రాక్టర్ కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది, సీక్రెట్ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్య సమాచారం చూసే అనుమతి, రావాలనే షరతుతో. వాడి పేరిట రెండు కార్డుల మీద 11,000 డాలర్ల బాకీ ఉంది. ఒకటి కలెక్షన్‌కి, అంటే బాకీలు వసూలు చేసే ఏజెన్సీకి, వెళ్లింది. అందులో 6,000 మా అమ్మాయి పెళ్లికి మేమే వాడుకున్నాం. ఇప్పుడు కట్టేసి, ఫారంలో రాయకుండా ఉండొచ్చా? లేదా మామూలు సాఫ్ట్‌వేర్ కంపెనీకే వెళ్లమందామా? రెండూ పోల్చి చెప్పగలరు.

జవాబు: ముందు కాస్త స్థిమితపడండి. అప్పు ఉన్నంత మాత్రాన క్లియరెన్స్ పోదు. క్రెడిట్ స్కోరు ఇంత ఉండాలనీ, బాకీ ఇంతకు మించకూడదనీ ఎక్కడా గీత గీయలేదు. క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా తేల్చడానికి 2017 నుంచి అమల్లో ఉన్న మార్గదర్శకాల్లో 13 అంశాలుంటే, డబ్బు వ్యవహారాలది 'ఎఫ్'. అప్పు ఎందుకైంది, అయ్యాక ఈ మనిషి ఏం చేశాడు అన్నదే అక్కడ ముఖ్యం. ఉద్యోగం పోవడం, జబ్బు, విడాకులు లాంటివి వచ్చిపడినా బాధ్యతగా నడుచుకున్నవాళ్లను అర్థం చేసుకుంటారు. అప్పిచ్చినవాళ్లతో మాట్లాడుకుని నెలనెలా కడుతుంటే అది మంచి సాక్ష్యం. ఒకవేళ కాదంటామన్నా, కారణాలు రాసి పంపుతారు, జవాబిచ్చే అవకాశం ఉంటుంది.

ఇంత ఆరా ఎందుకంటే, సీఐఏలో పనిచేసిన ఆల్డ్రిచ్ ఏమ్స్ 1985లో డబ్బు ఇబ్బందుల్లో సోవియట్ ఎంబసీ మెట్లెక్కాడు. 1994లో పట్టుబడేదాకా రహస్యాలు అమ్ముతూనే ఉన్నాడు. అప్పును గుట్టుగా దాచుకునే మనిషిని ఎవరైనా లొంగదీయొచ్చన్నది ప్రభుత్వం భయం.

మీరు అడుగుతున్నది సరిగ్గా ఆ దాచడం గురించే. క్లియరెన్స్ కోసం నింపే ఎస్‌ఎఫ్-86 ఫారంలో 26వ సెక్షన్ గత 7 ఏళ్లలో కలెక్షన్‌కి వెళ్లిన బాకీలు, 120 రోజులు దాటిన బకాయిలు రాయమంటుంది. కట్టేసినవీ రాయాల్సిందే. విచారణ చేసేవాళ్లు అప్పుల చరిత్ర చూపే క్రెడిట్ రిపోర్టు ఎలాగూ తెప్పించుకుంటారు. తెలిసి అబద్ధం రాస్తే ఫెడరల్ నేరం, 5 ఏళ్ల దాకా జైలు. నిండా పాతికేళ్లు లేని కుర్రాడి సంతకం కింద మీ పరువు కోసం అబద్ధం రాయిస్తారా? కోపం తెచ్చుకోకండి, పెళ్లి ఖర్చు వాడి కార్డు మీద పెట్టినరోజు అడగాల్సిన మాట ఇది. ఆ డబ్బు మీరే వాడారని ఇన్వెస్టిగేటర్‌కి వాడు చెప్పాల్సి వస్తుంది, చెప్పనివ్వండి.

దాచుకున్న అప్పు ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. ఒకసారి ఒక అమ్మాయి నా దగ్గరికి చెప్పుల డబ్బా నిండా కలెక్షన్ ఉత్తరాలు పట్టుకొచ్చింది. ఒక్కటీ విప్పలేదు. ఇద్దరం కూర్చుని విప్పితే సగం ఒకే ఆసుపత్రి బిల్లు గురించి మళ్లీ మళ్లీ వచ్చినవే. తను ఊహించుకుని భయపడ్డదాంట్లో అసలు బాకీ మూడోవంతు కూడా లేదు.

ఇక పోలిక. క్లియరెన్స్ ఉంటే లేఆఫ్ బెంగే ఉండదని మనవాళ్ల గ్రూపుల్లో తిరుగుతున్న మాట నేను నమ్మను. కాంట్రాక్టు అయిపోతే ఆ ఉద్యోగాలూ పోతాయి. క్లియరెన్స్ ఎవరికి వారు అప్లై చేసుకునేది కాదు, కంపెనీయో ప్రభుత్వ సంస్థో స్పాన్సర్ చేయాలి. కోర్సు కొంటే ఇప్పిస్తామనేవాళ్ల జోలికి పోకండి. పని తీరూ వేరు. చాలాచోట్ల ఫోన్ బయట లాకర్లో పెట్టి లోపలికెళ్లాలి. ఏం చేశాడో తర్వాతి ఇంటర్వ్యూలో విప్పి చెప్పుకోలేడు. అమ్మమ్మను చూడ్డానికి ఇండియా వెళ్లాలన్నా ముందే తెలియజేయాలి, అక్కడి దగ్గరి బంధువుల వివరాలూ ఇవ్వాలి. క్లియరెన్స్ వచ్చాక కూడా అప్పుల మీద నిఘా ఆగదు. కొత్తవి నేర్చుకోవాలని ఉరకలేసే పిల్లలకు ఇది ఇరుకుగా ఉంటుందేమోనని నాకెప్పుడూ అనుమానమే. మీ ఉత్తరంలో అబ్బాయికి ఏది ఇష్టమో ఒక్క ముక్క లేదు. అది తెలియకుండా నేను తూకం వేయలేను. అప్పుకు భయపడి మాత్రం ఆఫర్ వదలొద్దు.

ఈ వారంలో మూడు క్రెడిట్ బ్యూరోల రిపోర్టులూ వాణ్నే తీయమనండి, ఉచితమే. కలెక్షన్ వాళ్లతో వాయిదాల ఒప్పందం కాగితం మీద రాయించుకోవాలి. మీరు వాడుకున్న 6,000 మీరు వాడి ఖాతాలో వేయండి, అక్కడినుంచి వాడు కడతాడు. రసీదులు వాడి దగ్గరే ఉండాలి.