నర్సింగ్ హోమ్ చదువు అంటే ఆయనకి ఎందుకంత కోపం?

ప్రశ్న: మేము పద్దెనిమిదేళ్లుగా మినియాపొలిస్ దగ్గర ఉంటున్నాం. అమ్మాయి ఇక్కడే పుట్టింది, ఇప్పుడు ట్వెల్త్ గ్రేడ్. రెండేళ్లుగా ప్రతి శనివారం దగ్గర్లోని ఒక నర్సింగ్ హోమ్‌లో వాలంటీరుగా చేస్తోంది, నేనే దింపి వస్తాను. డిగ్రీలో లాంగ్ టర్మ్ కేర్ అడ్మినిస్ట్రేషన్, అంటే నర్సింగ్ హోమ్‌ల్లాంటివి నడిపే చదువు, చదువుతానని పట్టుబట్టింది. మావారు కంప్యూటర్ సైన్స్ తప్ప ఇంకో మాట విననంటున్నారు. "ముసలివాళ్ల ఆశ్రమం నడపడానికి డిగ్రీ ఎందుకు?" అని అరిచారు. నెల రోజులుగా తండ్రీకూతుళ్ల మధ్య మాటల్లేవు. మా అత్తగారు నిరుడు విజయవాడ దగ్గర ఒక ఆశ్రమంలో చేరారు, అది వేరే సంగతి. నేను ఎవరి వైపు నిలబడాలి?
– ఒక తల్లి

జవాబు: అది వేరే సంగతి కాదండీ. మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఆపేసిన వాక్యం అదే. కన్నతల్లిని ఆశ్రమంలో చేర్చిన ఏడాదికే కూతురు వచ్చి "నేను అలాంటి చోట్లు నడపడం నేర్చుకుంటాను నాన్నా" అంటే, ఆయన చెవికి అది కోర్సు పేరులా వినపడి ఉండదు. నా అంచనా తప్పయినా కావచ్చు. కానీ జీతం గురించో ఉద్యోగాల గురించో అడగకుండా ఆయన నోట "ఆశ్రమం" అన్న మాటే వచ్చింది చూడండి. ముందు మీరిద్దరూ అత్తగారి గురించి మాట్లాడుకోండి. అమ్మాయి లేనప్పుడు, కాలేజీ ఊసెత్తకుండా.

ఇంకో చిక్కు మాటతోనే ఉంది. మన ఊళ్లలో నర్సింగ్ హోమ్ అంటే కాన్పులకీ ఆపరేషన్లకీ వెళ్లే చిన్న ప్రైవేటు ఆస్పత్రి. ఆశ్రమం అంటే ధర్మకర్తలు, చందాలు, పండగ రోజు అన్నదానం. అమెరికాలో నర్సింగ్ హోమ్ ఈ రెండూ కాదు. తమ పనులు తాము చేసుకోలేని పెద్దవాళ్లు ఉండే, రాత్రింబవళ్లు నర్సుల సాయం అందే చోటు. రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్న అడ్మినిస్ట్రేటర్ లేకుండా దాన్ని నడపకూడదని ఫెడరల్ చట్టమే చెబుతుంది. డిగ్రీ ఎందుకన్న ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉంది. తనిఖీ వాళ్లు చెప్పకుండా వస్తారు, రెండు తనిఖీల మధ్య పదిహేను నెలలకి మించకూడదు. వాళ్లు రాసిన రిపోర్టు వచ్చిపోయేవాళ్లు చదువుకునేలా అక్కడే పెట్టాలి. ఎక్కువగా ముందు హాల్లో ఒక బైండర్‌లో ఉంటుంది.

ఇక కోర్సు సంగతి. అమ్మాయి కాలేజీ పేరు చూసి మురిసిపోకుండా ముందు ఒకటి చూసుకోవాలి, ఆ ప్రోగ్రామ్‌కి నాబ్ గుర్తింపు ఉందా అని. రాష్ట్రాల లైసెన్సు బోర్డులన్నీ కలిసి పెట్టుకున్న సంస్థ అది, లైసెన్సు పరీక్ష కూడా దానిదే. ఉత్త హెల్త్ అడ్మినిస్ట్రేషన్ డిగ్రీతోనూ ఈ దారిలోకి రావచ్చు, కాకపోతే విడిగా కొన్ని కోర్సులు, ఏఐటీ (అడ్మినిస్ట్రేటర్ ఇన్ ట్రైనింగ్) అనే శిక్షణ గంటలు పూర్తి చేయాల్సి రావచ్చు. కాలిఫోర్నియాలో డిగ్రీ ఉన్నవాళ్లకి అది 1,000 గంటలు. రాష్ట్రానికో లెక్క కాబట్టి మిన్నెసోటా బోర్డుకే ఫోన్ చేసి అడగమనండి. ఆ ఫోన్ మీరు చేయొద్దు, తననే చేయనివ్వండి.

మీకు దగ్గర్లోనే, విస్కాన్సిన్‌లోని ఓక్లేర్ యూనివర్సిటీకి ఈ రంగంలో మంచి పేరుంది. కారులో గంటన్నర దారి. అక్కడి విద్యార్థులు ఏడాది పాటు నిజమైన కేర్ సెంటర్‌లో అడ్మినిస్ట్రేటర్ పక్కనే ఉండి పని నేర్చుకోవాలి. రెండు రాష్ట్రాల మధ్య ఒప్పందం ఉంది కాబట్టి మిన్నెసోటా పిల్లలకి అక్కడ బయటి రాష్ట్రం ఫీజు పడదు. దానికి విడిగా అప్లికేషన్ పెట్టాలి, మర్చిపోకండి. ఏ కాలేజీకి వెళ్లినా అడగాల్సింది ఇలా పని నేర్చుకునే ఏడాది గురించే, దాన్ని ప్రాక్టికమ్ అంటారు. చోటు కాలేజీ చూపిస్తుందా, పిల్లలే వెతుక్కోవాలా? ఆ ఏడాది స్టైపెండ్ ఇస్తారా? నోరు విప్పి అడిగితేనే ఇవి తెలుస్తాయి.

(ఇదే ఉత్తరం ఇండియా నుంచి ఎఫ్-1 వీసా మీద వచ్చే విద్యార్థి రాసి ఉంటే ఇంత ధైర్యంగా సరే అనేదాన్ని కాదు. మామూలుగా ఇది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సుల లెక్కలోకి రాదు. చదువయ్యాక పని చేసుకోవడానికి దొరికేది ఒక్క ఏడాదే. మీ అమ్మాయికి ఆ బాధ లేదు.)

జీతం గురించి మీవారు ఎలాగూ అడుగుతారు. అమెరికాలో హెల్త్ సర్వీసెస్ మేనేజర్ల మధ్యస్థ జీతం 2024లో ఏడాదికి సుమారు 1,18,000 డాలర్లు. నర్సింగ్ హోమ్‌లలో అంతకంటే తక్కువే, దాచకండి. ఉద్యోగాలకి మాత్రం కొరత ఉండదు. యుద్ధం అయ్యాక పిల్లలు ఎక్కువగా పుట్టిన కాలాన్ని బేబీ బూమ్ అంటారు. 1946లో మొదలైన ఆ తరంలో మొదటివాళ్లకి 2026లో ఎనభై నిండుతున్నాయి.

అలాగని మీ అమ్మాయి వైపే పూర్తిగా నిలబడమని కూడా అనను. శనివారాలు తను చూస్తున్నది ఈ పనిలో తియ్యటి ముక్క. బామ్మలకి గోళ్లరంగు వేయడం, బింగో ఆడించడం నచ్చితే అది మంచి మనసు, అంతే. అడ్మినిస్ట్రేటర్‌కి అర్ధరాత్రి ఫోన్ వస్తుంది, నైట్ షిఫ్ట్‌లో ఇద్దరు రాలేదని. పేదవాళ్ల వైద్యానికి ప్రభుత్వం ఇచ్చే మెడికెయిడ్ డబ్బు ఆలస్యమైన నెలలో జీతాలు సర్దాలి. తల్లి పడిపోయిందని ఊగిపోతూ వచ్చిన కొడుకు ఎదురుగా కూర్చుని, అరవకుండా వినాలి. ఈ ఒత్తిడికి తట్టుకోలేక మానేసేవాళ్లు చాలామంది. అందుకే తను వెళ్లే నర్సింగ్ హోమ్ అడ్మినిస్ట్రేటర్‌ని ఒక వారం పని రోజుల్లో వెంట తిరగనివ్వమని అడగమనండి. ఆ వారం తర్వాత కూడా కావాలంటే అప్పుడు నమ్మండి. వద్దనుకుంటే దాన్ని ఓటమిగా చూడకండి, "నేను ముందే చెప్పా" అన్న మాట ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి.

మీవారిని కూడా ఒకసారి అక్కడికి తీసుకెళ్లండి. సాయంత్రం భోజనాల వేళ అయితే మంచిది. గది తలుపు పైన పిలుపు లైటు వెలిగితే ఎంతసేపటికి ఎవరైనా వెళ్తున్నారో చూడమనండి. మెత్తగా రుబ్బిన అన్నం స్పూనుతో పెడుతున్నవాళ్లు ఆ మనిషితో మాట్లాడుతూ పెడుతున్నారా, టీవీ చూస్తూ పెడుతున్నారా అన్నది చూడమనండి. ఆ తేడా వెనక షిఫ్టుకి ఎంతమందిని వేయాలో లెక్కలు వేసే మనిషి ఒకరు ఉంటారు. మీ అమ్మాయి చేస్తానంటున్నది ఆ లెక్కే. విజయవాడలో తన తల్లి దగ్గర ఆ లెక్క ఎవరు వేస్తున్నారో అని ఆయనకి అప్పుడు అనిపించవచ్చు. అనిపిస్తే, అక్కడి మేనేజర్‌కి ఫోన్ చేసి ఏమేం అడగాలో కూతురు చెప్పగలదు. నెల రోజుల మౌనం తర్వాత వాళ్లిద్దరికీ మాట్లాడుకోవడానికి ఒక సంగతి దొరుకుతుంది.

సీటు ఖాయం చేసుకునే డిపాజిట్ కట్టడానికి చాలా కాలేజీలు మే 1 దాకా గడువు ఇస్తాయి. ఈ శనివారం మీకు తలనొప్పిగా ఉందని చెప్పి, అమ్మాయిని దింపి రమ్మని కారు తాళాలు ఆయన చేతికి ఇవ్వండి.