కీమో రోజుల్లో సుగంధ తైలాల మర్దన: పాఠకుల సందేహాలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మకు రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ అయింది, ఇప్పుడు కీమో నడుస్తోంది. రాత్రిళ్ళు నిద్ర లేదు, దిగులుగా ఉంటోంది. లావెండర్ నూనెతో మసాజ్ చేద్దామంటే, మర్దన చేస్తే జబ్బు ఒళ్ళంతా పాకుతుందని పెద్దమ్మ వద్దంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: తేలికపాటి మర్దన వల్ల క్యాన్సర్ పాకుతుందనడానికి ఆధారం లేదు. మర్దన చేసినా చేయకపోయినా ఒంట్లో రక్తం, లింఫు (కణజాలాల నుంచి రక్తంలోకి తిరిగి చేరే పలచటి ద్రవం) ఎప్పుడూ ప్రవహిస్తూనే ఉంటాయి. జబ్బు పాకడమనేది క్యాన్సర్ కణాల్లో వచ్చే మార్పుల మీద ఆధారపడి ఉంటుంది. గడ్డ ఉన్న చోట మాత్రం నొక్కకూడదు. పెద్దమ్మగారికి ఈ మాట నెమ్మదిగా చెప్పండి.

ఎంత మేలు చేస్తుందన్నది కూడా తెలుసుకుని మొదలుపెట్టడం మంచిది. బ్రిటన్‌లో 288 మంది క్యాన్సర్ రోగులతో చేసిన అధ్యయనం 2007లో వెలువడింది. వారానికోసారి చొప్పున నాలుగు వారాలు సుగంధ తైలాల మర్దన చేయించుకున్నవారిలో ఆందోళన, దిగులు ఆరో వారానికి కొంత తగ్గాయి. పదో వారానికి ఆ తేడా నిలవలేదు. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 2016 నాటి సమీక్షలో 19 అధ్యయనాలను పరిశీలించి, ఆధారాల నాణ్యత చాలా తక్కువని తేల్చింది. కాబట్టి ఇది జబ్బుకు మందు కాదు, ఆ పూటకు ఊరట. మా అభిప్రాయంలో ఆ ఊరటలో ఎక్కువ భాగం చేతి స్పర్శదే. వాసన లేని నూనెతో చేసినా ఫరవాలేదు.

మీ అమ్మగారికి చంకలో లింఫ్ గ్రంథులు తీశారేమో కనుక్కోండి. తీసి ఉంటే ఆ వైపు చేయి, భుజం, రొమ్ము పక్క భాగం వదిలేయండి. లింఫు తిరిగే దారులు అక్కడ దెబ్బతిని ఉంటాయి, గట్టిగా రుద్దితే వాపు మొదలుకావచ్చు. ఇప్పటికే వాపుంటే దానికి చేసే మర్దన వేరు, అందులో శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్టే చేయాలి. ఇంకో మాట: లావెండర్, టీ ట్రీ నూనెలు ప్రయోగశాలలో ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్‌ను కొద్దిగా పోలిన ప్రభావం చూపాయి. దానివల్ల రోగులకు హాని జరుగుతుందని రుజువు కాలేదు. అయినా మీ అమ్మగారిది హార్మోన్లకు స్పందించే రకమైతే డాక్టరును అడిగాకే వాడండి.

ప్రశ్న: ఎన్ని చుక్కలు కలపాలి? మర్దన ఎలా చేయాలి?

జవాబు: సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. 30 మి.లీ. పొద్దుతిరుగుడు లేదా జొజోబా నూనెలో 3 చుక్కలు వేస్తే అర శాతం, 6 వేస్తే ఒక శాతం. చికిత్సలో ఉన్నవారికి 3 చుక్కలతో మొదలుపెట్టండి, 6 దాటవద్దు. వాసన చాలడం లేదని ఇంకో నాలుగు వేసేయడమే అందరూ చేసే పొరపాటు. కీమోలో చర్మం పలచబడి, ఎండిపోయి ఉంటుంది. మామూలుగా పడే మోతాదు కూడా మంట పుట్టించవచ్చు. ముందురోజు మోచేయి లోపలివైపు కొద్దిగా రాసి 24 గంటలు చూడండి. మూత తీసి చాలాకాలమైన సీసా వద్దు. గాలి తగిలి పాతబడిన తైలాలే ఎక్కువగా దద్దుర్లు తెప్పిస్తాయి. పరిమళం కోసం తయారుచేసిన కృత్రిమ నూనెలు వేరు, అవి పనికిరావు. వింటర్‌గ్రీన్ తైలంలో ఆస్పిరిన్ జాతి పదార్థం ఉంటుంది, రక్తం పలచబరిచే మందులు వాడేవారికి అది ప్రమాదం.

పాదాలతో మొదలుపెట్టడం అన్నిటికన్నా సులువు. చేతులు కడుక్కుని, గోళ్ళు కత్తిరించుకుని, ఉంగరాలు తీసేయండి. మోకాళ్ళ కింద దిండు పెట్టి పడుకోబెట్టండి. ఒక చెంచా నూనె అరచేతుల్లో వెచ్చచేసి, వేళ్ళ నుంచి చీలమండ దాకా అరచేయంతా ఆనించి నెమ్మదిగా నిమరండి. నిద్రపోతున్న పసిబిడ్డ వీపు నిమిరేంత ఒత్తిడి చాలు. ఒక్కో పాదానికి ఐదు నిమిషాలు. తర్వాత నూనె తుడిచేయండి, జారి పడిపోగలరు.

కేపసిటబిన్ లాంటి కీమో మందులతో అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి మండుతుంటే ఇదీ వద్దు. అక్కడ రాపిడి తగిలితే చర్మం ఊడుతుంది.

ప్రశ్న: కీమో రోజున వికారం తగ్గడానికి మా వారికి పుదీనా తైలం రాయవచ్చా?

జవాబు: ఒంటికి రాయకండి. కీమోలో వాసనలు తీక్షణంగా తెలుస్తాయి, ఉదయం నచ్చింది సాయంత్రానికి భరించరానిదవుతుంది. ఒంటికి రాస్తే వదిలించుకోవడం కష్టం. టిష్యూ కాగితం మీద ఒక చుక్క వేసి ఇస్తే, వద్దనుకున్నప్పుడు పారేయవచ్చు. ఆయనకు బాగా ఇష్టమైన వాసన ఆ రోజుకు ఎంచుకోవద్దు. వాంతులతో ముడిపడిందంటే ఆ తర్వాత నెలల తరబడి అది తగిలినప్పుడల్లా కడుపులో తిప్పుతుంది. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కిస్తుంటే పుదీనా అసలు వద్దు. ఆ మందుతో చల్లదనం తగిలితేనే తిమ్మిరి, పోట్లు వస్తాయి, మెంథాల్ అదే చల్లదనపు నరాలను రేపుతుంది. వాంతులకు డాక్టరు రాసిన మాత్రలు మానవద్దు.

ప్రశ్న: రేడియేషన్ ఇస్తున్న చోట చర్మం నల్లబడింది. తైలం రాస్తే తగ్గుతుందా?

జవాబు: తగ్గదు. ఆ చోట తైలమూ వద్దు, మర్దనా వద్దు. చికిత్స ముగిశాక కూడా ఒకటి రెండు వారాలు మంట పెరగవచ్చు. చర్మం పూర్తిగా మానేదాకా రేడియేషన్ విభాగం వారిచ్చిన క్రీమే రాయండి.

ప్రశ్న: మర్దన ఎప్పుడు పూర్తిగా మానేయాలి?

జవాబు: ప్లేట్‌లెట్లు 50 వేల లోపుంటే పైపైన నిమరడం తప్ప ఏదీ వద్దు. 20 వేల లోపుంటే అదీ మానేయండి, చిన్న ఒత్తిడికే చర్మం కింద రక్తం చేరుతుంది. జ్వరం 100.4 ఫారన్‌హీట్ చేరితే మర్దన మాట పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి. ఎముకలకు పాకిందని చెప్పి ఉంటే వెన్ను, తుంటి, పక్కటెముకల మీద బరువు వేయకండి, విరగవచ్చు. ఛాతీ దగ్గర చర్మం కింద, మందు ఎక్కించడానికి పెట్టిన కీమో పోర్టు చుట్టూ చేయి పెట్టవద్దు. నొప్పికి ఫెంటానిల్ ప్యాచ్ అంటించి ఉంటే దాని మీద రుద్దినా, వేడి తగిలినా మందు ఒక్కసారిగా రక్తంలోకి పోయే ప్రమాదముంది.

క్యాన్సర్ ఉన్నవారిలో రక్తం గడ్డకట్టడం ఎక్కువ. ఒక్క కాలి పిక్కే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే బెణికిందనుకుని రుద్దకండి. లోపలి రక్తపు గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. అదే రోజు డాక్టరుకు చూపించండి. ఆయాసం కూడా ఉంటే ఆ క్షణమే అత్యవసర విభాగానికి తీసుకెళ్ళాలి.