అయస్కాంతపు పరుపు కొనే ముందు

చిరంజీవి సుజాతకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం నిన్న అందింది. మీ అత్తగారి మోకాళ్ల నొప్పులకు అయస్కాంతపు బిళ్లలు కుట్టిన పరుపు ఒకటి, దానితోపాటు ఆరు నెలలకు సరిపడా యాంటీ ఆక్సిడెంట్ క్యాప్సూళ్లు కొనమని ఆమె స్నేహితురాలు పట్టుబడుతున్నారనీ, రెండూ కలిపి లక్ష రూపాయలు దాటుతున్నాయనీ, వద్దంటే కోడలు డబ్బుకు వెనకాడిందన్న మాట పడాల్సి వస్తుందని భయంగా ఉందనీ రాశావు. ముప్పై రెండేళ్లు ప్రభుత్వ ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా మందులు ఇచ్చినదాన్ని కనుక ఈ విషయంలో నాకు తెలిసినదంతా వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు మీ మామగారి సంగతి. ఆయనకు పేస్‌మేకర్, అంటే గుండె సరైన వేగంతో కొట్టుకునేలా చూసే చిన్న యంత్రం, అమర్చి మూడేళ్లయింది. ఆ యంత్రంలో అయస్కాంతాన్ని పసిగట్టే ఏర్పాటు ఒకటి ఉంటుంది. బలమైన అయస్కాంతం దగ్గరికి వస్తే, అది గుండె సొంత స్పందనను గమనించడం మానేసి, ఒకే నిర్ణీత వేగంతో కొట్టించడం మొదలుపెడుతుంది. పరీక్షల సమయంలోనూ శస్త్రచికిత్సల సమయంలోనూ వైద్యులు వాడుకోవడానికి పెట్టిన వెసులుబాటు అది. రాత్రంతా ఇంట్లో పడుకుని వాడుకునేది కాదు. గుండెకు షాక్ ఇచ్చే పరికరం ఉన్నవారికైతే, అవసరమైన క్షణంలో ఆ షాక్ అందకుండా పోయే ప్రమాదం కూడా ఉంది. అయస్కాంతాలున్న వస్తువులను ఇటువంటి పరికరాలకు కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలన్నది వైద్యులు చెప్పే జాగ్రత్త. ఆయన ప్రక్కకు తిరిగో బోర్లాగానో పడుకుంటే ఆ దూరం ఎక్కడ మిగులుతుంది? కాబట్టి మిగిలిన ఉత్తరం చదవకపోయినా సరే, ఆ పరుపు వారి మంచం మీదికి రాకూడదు. సెల్‌ఫోన్‌ను చొక్కా జేబులో పెట్టుకునే అలవాటు ఆయనకు ఉంటే అదీ మాన్పించు. ఈ మధ్య ఫోన్లలోనూ వాటి కవర్లలోనూ అయస్కాంతాలు ఉంటున్నాయి. పిల్లలు తిరిగే ఇల్లు కనుక ఇంకొక మాట కూడా చెప్పాలి. ఊడివచ్చిన చిన్న అయస్కాంతాలను ఒకటికి మించి మింగితే అవి లోపల పేగుల గోడలను మధ్యలో ఇరికించుకుని ఒకదానినొకటి పట్టుకుంటాయి, పేగుకు చిల్లులు పడతాయి.

ఇక ఆ పరుపు నొప్పిని తగ్గిస్తుందా అన్న ప్రశ్న. అమ్మేవారు సాధారణంగా చెప్పే మాట ఒకటుంది: రక్తంలో ఇనుము ఉంది, అయస్కాంతం దానిని లాగుతుంది, అందువల్ల రక్తప్రసరణ పెరుగుతుంది అని. వినడానికి సబబుగానే అనిపిస్తుంది. కానీ రక్తంలోని హిమోగ్లోబిన్‌లో విడివిడి పరమాణువులుగా ఇమిడి ఉన్న ఇనుము, మేకులో ఉన్న ఇనుము అయస్కాంతం ముందు ఒకే తీరుగా ప్రవర్తించవు. ప్రాణవాయువును మోసుకెళ్లే రక్తాన్ని అయస్కాంతం లాగకపోగా, అతి స్వల్పంగా దూరంగా నెడుతుంది. నీవే ఆలోచించి చూడు. అయస్కాంతపు బలాన్ని టెస్లాలలో కొలుస్తారు. ఎంఆర్ఐ యంత్రంలోని అయస్కాంతం బలం 1.5 టెస్లా, కొన్నింటిలో 3 టెస్లాలు. ఫ్రిజ్ తలుపుకు అంటించే అయస్కాంతం బలం కొద్ది మిల్లీటెస్లాలు, అంటే టెస్లాలో కొద్ది వెయ్యో వంతులు మాత్రమే. మనవాళ్లు సూదంటురాయి అని పిలుచుకున్న ఈ వస్తువు నిజంగా రక్తాన్ని లాగేదే అయితే, అరగంటసేపు ఎంఆర్ఐలో పడుకుని లేచినవారి ఒంట్లో రక్తం ఒక పక్కకు చేరిపోవాలి. అలా జరగదు. పైగా అయస్కాంతపు ప్రభావం దూరంతోపాటు చాలా వేగంగా తగ్గిపోతుంది కనుక, పరుపు గుడ్డ, దూది, చీర మడతలు దాటి కీలు లోపలికి చేరేది అత్యల్పం.

ఈ పరీక్ష ఈనాటిది కాదు. 1784లో పారిస్‌లో, మెస్మర్ అనే వైద్యుడు ‘జంతు అయస్కాంత శక్తి’ పేరుతో ప్రచారం చేసిన చికిత్స గురించి విచారించడానికి ఫ్రాన్సు రాజు ఒక సంఘాన్ని నియమించాడు. అందులో అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లవోయిజర్ సభ్యులు. వారు రోగుల కళ్లకు గంతలు కట్టించారు. చికిత్స జరుగుతోందని నమ్మినప్పుడు, అది జరగకపోయినా రోగులలో మార్పు కనిపించింది. తెలియకుండా చికిత్స చేసినప్పుడు ఏ మార్పూ లేదు. మన కాలంలో, 2007లో కెనడా వైద్య సంఘం పత్రికలో, ఒంటికి కట్టుకునే అయస్కాంతాల మీద అంతవరకు జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి చూసిన సమీక్ష వచ్చింది. నొప్పి నివారణకు అవి పనిచేస్తాయని చెప్పడానికి తగిన ఆధారం అందులో కనబడలేదు.

అయితే మీ అత్తగారి స్నేహితురాలు అబద్ధం చెబుతున్నారని మాత్రం అనుకోవద్దు. ఆమెకు ఉపశమనం కలిగే ఉంటుంది. మోకాలి నొప్పి సముద్రపు పోటువలె హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. భరించలేనంతగా ఉన్నప్పుడే మనం కొత్త వైద్యానికి డబ్బు పెడతాము, ఆ తరువాత ఎలాగూ కొంత తగ్గుతుంది, ఆ తగ్గుదలను చేతిలో ఉన్న వస్తువు ఖాతాలో వేస్తాము. పదవీ విరమణ చేసిన సంవత్సరం నేనూ అయస్కాంతాల మోకాలి పట్టీ కొన్నాను. పది రోజులు హాయిగా ఉంది. తరువాత కుట్లు విప్పి, బిళ్లలన్నీ తీసేసి, వట్టి పట్టీ కట్టుకుని చూశాను. హాయి అంతే ఉంది. నా ఒక్కదాని అనుభవం రుజువు కాదని నాకు తెలుసు, కానీ బిగువుగా, వెచ్చగా కట్టుకున్న గుడ్డ చేసే మేలు ఎంతో ఆ రోజు అర్థమైంది. ఆ పట్టీ వందల రూపాయలలో వస్తుంది.

ఒక తేడా కూడా తెలుసుకో. ఆసుపత్రులలో విద్యుత్తుతో పుట్టించే, క్షణక్షణం మారే అయస్కాంత క్షేత్రాన్ని కొన్ని వ్యాధులకు నిజంగానే వాడుతారు. అతుక్కోని ఎముకల కోసం అమెరికాలో 1979లోనూ, మందులకు లొంగని కుంగుబాటు కోసం 2008లోనూ అటువంటి పరికరాలకు అనుమతి లభించింది. అమ్మేవారు వాటి పేరు చెప్పి పరుపును సమర్థించవచ్చు. కదలని బిళ్లలు కుట్టిన పరుపుకు ఆ చికిత్సలతో సంబంధం లేదు.

ఆ డబ్బులో పదో వంతుతో ఒక మంచి ఫిజియోథెరపిస్టును ఇంటికి పిలిపించు. అరిగిన మోకాలికి ఆసరా ఇచ్చేది తొడ ముందు భాగంలోని కండరం. కుర్చీలో కూర్చుని, ఒక కాలును నిటారుగా చాచి, పాదాన్ని తన వైపుకు వంచి, పది లెక్కపెట్టేదాకా నిలిపి, మెల్లగా దించాలి. ఒక్కో కాలికి పదిసార్లు, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. రెండు వారాలలో ఫలితం ఆశించవద్దు, రెండు నెలలు చేయించు. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని కొలిచి చెప్పిన పరిశోధన ఉంది. స్థూలకాయులకు ఇంతకు మించిన సహజ వైద్యం నేను ఎరుగను. కత్తిపీట ముందు గొంతుక్కూర్చోవడం, పీట మీద కూర్చుని బట్టలు ఉతకడం మాన్పించి, కూరలు బల్ల మీద తరిగే ఏర్పాటు చేయి.

క్యాప్సూళ్ల విషయానికి వస్తే, యాంటీ ఆక్సిడెంట్లు, అంటే ఒంట్లోని కణాలు దెబ్బతినకుండా కాపాడే విటమిన్ సి, విటమిన్ ఇ వంటి పదార్థాలు, మంచివే, కానీ ఆహారంలో ఉన్నప్పుడు చేసే పనిని అవి సీసాలోకి ఎక్కిన తరువాత చేయడం లేదు. కూరగాయలు, పండ్లు బాగా తినేవారికి కొన్ని క్యాన్సర్లు తక్కువని గమనించి, ఆ మేలు వాటిలోని బీటా కెరోటిన్ అనే యాంటీ ఆక్సిడెంట్ వల్లనేమోనని ఫిన్లాండులో 29,133 మంది పొగతాగే పురుషులపై పరీక్షించారు. 1994లో ఫలితం వెలువడింది: బీటా కెరోటిన్ మాత్రలు తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. అమెరికాలో 35 వేల మందికి పైగా పురుషులపై జరిగిన మరొక పరీక్షలో విటమిన్ ఇ మాత్రలు వాడినవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా కనిపించినట్లు 2011లో తేలింది. మీ మామగారు చుట్ట మానేసింది ఈ మధ్యనే కదా, అందుకే ఈ మాట నొక్కి చెబుతున్నాను. పసుపు క్యాప్సూళ్ల పట్ల కూడా జాగ్రత్త అవసరం. పప్పులో వేసే చిటికెడు పసుపుకు భయపడనక్కరలేదు. కానీ పసుపు సారాన్ని మిరియాల సారంతో కలిపి పెద్ద మోతాదులో ఇచ్చే మాత్రల వల్ల కొందరిలో కాలేయం దెబ్బతింది.

మరి ఏమి పెట్టాలి? మన వంటింట్లో ఉన్నదే చాలు. ఆడవారికి రోజుకు కావలసిన విటమిన్ సి 65 మిల్లీగ్రాములు. 100 గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది, ఉసిరికాయలో అంతకన్నా ఎక్కువ. ఇది కార్తీకం, పెద్ద ఉసిరికాయలు బజారుకు వస్తున్నాయి. రోజూ ఒకటి తురిమి పెరుగు పచ్చడిలోనో పప్పులోనో వేయి. నిలవ పచ్చడి అంటే మీ అత్తగారికి ప్రాణమని తెలుసు, కానీ రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు వద్దని వైద్యులు చెప్పే రక్తపోటు రోగికి ఆ పచ్చడిని మందుగా చూపకూడదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినాలి, అందులో 100 గ్రాములు ఆకుకూరలు కావాలి. తోటకూర, పొన్నగంటికూర, మునగాకు మార్చి మార్చి వండు. ఆకుకూరను నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే విటమిన్ సి ఆ నీటితోనే పోతుంది. కొద్దిగా నూనె వేయకపోతే అందులోని కెరోటిన్ ఒంటికి సరిగా పట్టదు. దించిన తరువాత నిమ్మరసం పిండితే ఆకులోని ఇనుము బాగా అందుతుంది, భోజనం అయిన వెంటనే టీ తాగితే ఆ లాభం తగ్గిపోతుంది. టమాటాను మాత్రం నూనెలో మగ్గించడమే మేలు, దానికి ఎర్ర రంగునిచ్చే లైకోపీన్ అనే యాంటీ ఆక్సిడెంట్ అప్పుడే ఎక్కువగా అందుతుంది. మీ మామగారు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వంటి మాత్ర వాడుతుంటే, ఆకుకూరలు ఒక వారం దండిగా, ఒక వారం అసలు లేకుండా పెట్టవద్దు. వాటిలోని విటమిన్ కె ఎక్కువ తక్కువలైతే మాత్ర మోతాదు గతి తప్పుతుంది. ప్రతి వారం ఒకే తీరుగా ఉండేలా చూడు.

నా ఉద్యోగకాలంలో మరచిపోలేని మనిషి ఒకరున్నారు. ప్రతి నెలా బీపీ మాత్రలకు వచ్చే మేస్త్రీ. అయస్కాంతపు కడియం వేసుకున్నాను, ఇక మాత్రలు అక్కరలేదని చెప్పి వెళ్లారు. నాలుగు నెలల తరువాత కొడుకు భుజం మీద చేయి వేసి, కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చారు. ఆ రోజు ఆయనను ఆపి మరో రెండు నిమిషాలు మాట్లాడి ఉండవలసిందన్న బాధ నాకు నేటికీ ఉంది. కాబట్టి ఆ వస్తువులలో ఏది కొన్నా కొనకపోయినా, డాక్టరు రాసిన మాత్ర ఒక్కటి కూడా ఆగకుండా నీవు దగ్గరుండి చూసుకో. కరపత్రంలో మధుమేహం, రక్తపోటు నయమవుతాయని రాసి ఉంటే, అటువంటి ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించిందని మీ ఆయనకు చెప్పు.

అత్తగారితో మాట్లాడేటప్పుడు మోసం, మూఢనమ్మకం వంటి మాటలు వాడవద్దు. ఆమె నొప్పి నిజం, ఆ నొప్పిని ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదన్న బాధ కూడా అందులో కొంత ఉండవచ్చు. "మామయ్యగారి పేస్‌మేకర్‌కు ఆ పరుపు పడదట అత్తయ్యా, డాక్టరుగారిని అడిగిన తరువాతే చూద్దాం" అని చెప్పు. అది పూర్తి సత్యం, ఆమెను చిన్నబుచ్చదు కూడా. అదే పూట ఆమె పక్కన కుర్చీ వేసుకుని నీవు కూడా కాళ్లు చాచి ఆ వ్యాయామం చేయి. ఆ క్యాప్సూళ్ల సీసా వెనుక వైపున్న చీటీని ఫోటో తీసి నాకు పంపు. అందులో ఏమేమి ఎంతెంత ఉన్నాయో, మీ ఇద్దరు పెద్దలు వాడుతున్న మందులతో దేనికి పడదో చూసి, వచ్చే ఉత్తరంలో రాస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ