బ్యాటరీ బట్టీ పక్కన పాలకూర: సీసం సోకిన నేలలో ఏం వేయాలి, ఏం మానాలి?

ప్రశ్న: మాది రంగారెడ్డి జిల్లా. రెండెకరాల చెలకలో బోరు కింద పాలకూర, కొత్తిమీర, ముల్లంగి, గోకరకాయ వేస్తాం. పొలానికి పడమట గోడ అవతల పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు చాలా ఏళ్లు నడిచి ఈమధ్య మూతపడింది. ఆ పక్క మడుల్లో పాలకూర గిడసబారి పసుపెక్కుతోంది. గోడ వెంబడి కొంత జాగాలో గడ్డి కూడా మొలవదు. దూరంగా ఉన్న మడుల్లో పంట మంచిగనే ఉంది. ఇదంతా సీసం వల్లనేనా? సీసాన్ని విరిచే మందు ఏమన్నా ఉందా? మంచిగున్న మడుల్లో ఆకుకూర అమ్ముకోవచ్చా? మా నాలుగు బర్రెలు ఆ గట్టు మీదనే మేస్తాయి. – ఒక రైతు

జవాబు: సోదరా, అన్నిటికంటే ముందు చేయాల్సింది బర్రెలను ఆ గట్టు మీద నుంచి ఈ రోజే తప్పించడం. మిగతా జవాబు తర్వాత చదవండి.

బ్యాటరీ పలకల ముక్కలు, బూడిద రంగు పొడి పశువుల నాలుకకు ఉప్పగా తగులుతాయి. అందుకే వెతుక్కుని మరీ నాకుతాయి. మింగిన ముక్కలు పొట్టలో అడుగున ఉండిపోయి రోజుల తరబడి కొంచెం కొంచెం కరుగుతాయి. పళ్లు కొరకడం, నోట నురగ, తూలుతూ నడవడం, చూపు పోయినట్టు గోడలకు తగలడం, తలను గోడకో స్తంభానికో ఆనించి నెట్టడం, ఇవన్నీ సీసం లక్షణాలే. దూడలు ఒక్కోసారి ఏ లక్షణమూ కనిపించకుండానే పడిపోతాయి. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా 1962కు ఫోన్ చేసి పశువైద్యుణ్ణి పిలిపించండి. పక్కనే బ్యాటరీల షెడ్డు ఉండేదని ఆయనకు తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే పిచ్చి అనో, మరో మెదడు జబ్బు అనో అనుకునే ప్రమాదం ఉంది. బర్రెలు బాగానే కనిపిస్తున్నా రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష చేయించాలి. ఫలితం వచ్చేదాకా ఆ పాలు ఇంట్లో పిల్లలకు పోయొద్దు, పాల కేంద్రానికీ పోయొద్దు. రోజూ పాల మీద వచ్చే డబ్బు ఆగిపోతే ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా ఇదే చెప్పాలి. అంతర్జాతీయ ఆహార ప్రమాణం కోడెక్స్ ప్రకారం కిలో పాలలో సీసం 0.02 మిల్లీగ్రాములు దాటకూడదు. అంత తక్కువ మోతాదును రుచితోనో వాసనతోనో ఎవరూ పట్టలేరు.

ఇక పాలకూర సంగతి. మీరు పసుపెక్కిన మడుల గురించి టెన్షన్ పడుతున్నారు. నాకు పచ్చగా ఉన్న మడుల మీద ఎక్కువ అనుమానం. ఎందుకో చెప్తాను.

నేలలోని సీసం మొక్కలోకి సులువుగా ఎక్కదు. మట్టిలోని బంకకు, సేంద్రియ పదార్థానికి, భాస్వరానికి గట్టిగా అంటుకుని ఉంటుంది. వేరు దాకా వచ్చిన కొద్దిపాటి సీసాన్ని కూడా వేరు కణాల గోడలే చాలావరకు పట్టేసుకుంటాయి. ఆ గోడలు దాటినా, వేరు లోపల మైనం లాంటి ఒక పట్టీ దాన్ని పైకి పోనివ్వదు. అందుకే ఎక్కువ సీసం వేరులోనే ఆగిపోతుంది. అంతకంటే తక్కువ ఆకులోకి, మరీ తక్కువ కాయలోకి, గింజలోకి చేరుతుంది. సీసం బాగా ఎక్కువైనప్పుడు ముందు దెబ్బ తినేదీ వేరే. కొన పొడవు సాగదు, పొట్టిగా మందంగా తయారై గోధుమ రంగుకు తిరుగుతుంది, నూగు వేర్లు తగ్గిపోతాయి. వేరు సన్నగిల్లితే నీరు, ఇనుము, మెగ్నీషియం, భాస్వరం అన్నీ తక్కువే అందుతాయి. చిక్కుడు జాతి మొక్కల వేర్లకు బుడిపెలు తగ్గుతాయి. ఆకులో పత్రహరితం తయారు కావడానికి ఆలాడ్ అనే ఎంజైము కావాలి. సీసం దాన్ని అడ్డుకుంటుంది. దాంతో ఆకు పసుపెక్కుతుంది. మన శరీరంలో రక్తానికి ఎరుపునిచ్చే పదార్థం తయారీకీ ఈ ఎంజైమే కావాలి. సీసం తగిలిన పిల్లల్లో రక్తహీనత రావడానికి ఇదొక కారణం.

అయితే పొలంలో ఈ లక్షణాలు కంటికి కనిపించాలంటే నేలలో సీసం చాలా ఎక్కువ ఉండాలి, అదీ మొక్కకు అందే రూపంలో ఉండాలి. అంతకు ఎన్నో రెట్లు తక్కువ ఉన్నప్పుడే ఆకుకూర తినేవాళ్లకు హాని మొదలవుతుంది. మొక్క మాత్రం నవనవలాడుతూ ఉంటుంది. ఆకు రంగును బట్టి సీసం ఉందనీ, లేదనీ చెప్పలేం. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతా నిర్ణయాలు మీరే తీసుకోగలరు.

గోడ వెంబడి గడ్డి మొలవని జాగాకు కారణం సీసం ఒక్కటే అయి ఉండదు. బ్యాటరీలో ఉండేది గంధకామ్లం. పగలగొట్టినప్పుడు అది నేల మీద పారి ఉంటుంది. ఆ జాగాలో ఉదజని సూచిక (పీహెచ్) బాగా పడిపోయి, అంటే నేల బాగా పులిసి ఉంటుందని నా అంచనా. పులిసిన నేలలో మట్టి సీసాన్ని వదిలేస్తుంది, మొక్క ఎక్కువగా పీల్చుకుంటుంది. కాబట్టి ఆ మడుల్లో పసుపుకు ఆమ్లమూ సీసమూ రెండూ కారణం కావచ్చు. అది కాకుండా వేరే మడుల్లో లేత ఆకులు పసుపెక్కి ఈనెలు పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. మన సున్నపు నేలల్లో చాలా మామూలు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, అర గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారానికోసారి రెండు మూడు సార్లు పిచికారీ చేస్తే కోలుకుంటుంది. ముదురు ఆకులు ముందు పసుపెక్కితే నత్రజని చాలడం లేదని అర్థం. గోడ పక్క మడి, పసుపెక్కిన వేరే మడి, పచ్చగా ఉన్న మడి, ఈ మూడింటి నుంచి తలా రెండు మొక్కలు పీకి, వేర్లు కడిగి పక్కపక్కన పెట్టి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

పరీక్ష గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మట్టి పరీక్ష చేయించామని వచ్చే చాలామంది దగ్గర ఉండేది సాయిల్ హెల్త్ కార్డు. అందులో నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, సేంద్రియ కర్బనం, ఉదజని సూచిక, లవణ పరిమాణం ఉంటాయి. సీసం ఉండదు. భార లోహాల పరీక్ష చేసే గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు వెళ్లి 'మొత్తం సీసం' చూడమని విడిగా అడగాలి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలోని మృత్తికా శాస్త్ర విభాగానికి వెళ్తే నమూనా ఎక్కడ ఇవ్వాలో దారి చూపిస్తారు. మామూలుగా మనం జానెడు లోతు మట్టి తీస్తాం. సీసం విషయంలో అలా చేస్తే అసలు సంగతి కప్పబడిపోతుంది. గాలికి వచ్చి పడిన సీసం కిందికి దిగకుండా పైపొరలోనే ఉండిపోతుంది. కాబట్టి పై రెండు అంగుళాల మట్టి ఒక సంచిలో, దాని కింద జానెడు వరకు మట్టి మరో సంచిలో తీయండి. గోడ పక్క, పొలం మధ్య, తూర్పు గట్టు, ఈ మూడు చోట్లా వేరువేరుగా తీయాలి, కలపొద్దు. మన దగ్గర వానాకాలమంతా గాలి పడమటి నుంచే వీస్తుంది. షెడ్డు పొగ, దుమ్ము నేరుగా మీ పొలం మీదికే వచ్చి ఉంటాయి. దూరం మడుల మీద నా అనుమానం అందుకే. ఆకుకూర కూడా రెండు కట్టలు ఇవ్వండి, ఒకటి కోసింది కోసినట్టు, ఇంకోటి బాగా కడిగి. రెండింటి తేడా చూస్తే సీసం ఆకు లోపల ఉందో, పైన దుమ్ముగా ఉందో తేలిపోతుంది.

మామూలు నేలల్లో కిలో మట్టికి 10 నుంచి 50 మిల్లీగ్రాముల సీసం సహజంగానే ఉంటుంది. దానికి భయపడనక్కర్లేదు. 100 లోపు ఉంటే శుభ్రంగా కడిగే జాగ్రత్తతో ఏ కూరగాయైనా వేసుకోవచ్చు. 100 దాటితే ఆకుకూరలు, దుంపలు మానమంటాను. 400 దాటిన మడిలో తిండి పంట, పశువుల మేత ఏదీ వద్దంటాను. అమెరికా పర్యావరణ సంస్థ ఇళ్ల దగ్గరి మట్టికి పెట్టుకున్న హెచ్చరిక గీతను 2024 జనవరిలో 400 నుంచి 200కు దించింది. తెలిసేకొద్దీ ఈ అంకెలు కిందికే వస్తున్నాయి. అందుకే నేను జాగ్రత్త వైపే మొగ్గుతాను. మన దగ్గర ఇది ఊహ కాదు. హైదరాబాద్ దక్షిణాన కాటేదాన్ పారిశ్రామిక వాడ మట్టిలో సీసం ఎక్కువగా ఉందని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు ఎప్పుడో ప్రచురించారు.

ఆకుకూర మీద ఇంత పట్టుదల ఎందుకంటే ఒక లెక్క చూడండి. మీ మట్టిలో కిలోకు 400 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. కిలో పాలకూరకు ఒక్క గ్రాము మట్టి అంటుకుని ఉంటే చాలు, అందులోనే 0.4 మిల్లీగ్రాముల సీసం వచ్చేసింది. ఆకుకూరలకు కోడెక్స్ పరిమితి కిలోకు 0.3. మొక్క వేరు నుంచి ఏమీ పీల్చకపోయినా పరిమితి దాటిపోయింది. పాలకూర, కొత్తిమీర నేలకు ఆనుకునే పెరుగుతాయి. వాన చినుకు, స్ప్రింక్లర్ నీరు మట్టిని చిమ్మి ఆకు మీద వేస్తాయి. ముల్లంగి, క్యారెట్ మనం తినేదే వేరు. సీసం ఆగేదీ అక్కడే. మీ పంటల్లో గోకరకాయ ఒక్కటే ఈ నేలకు కొంత తగినది.

కాబట్టి మీ మూడో ప్రశ్నకు నా జవాబు, పరీక్ష ఫలితం వచ్చేదాకా ఏ మడి ఆకుకూరా అమ్మొద్దు, ఇంట్లోనూ వండొద్దు. ఫలితం 100కూ 400కూ మధ్య వస్తే బెండ, టమాటా, బీర, సొర, గోకర, మొక్కజొన్న వేసుకోండి. తీగజాతి కూరగాయలను పందిరి మీదికి ఎక్కించండి, టమాటాకు కర్రలు కట్టి లేపండి, కాయ నేలకు తగలకూడదు. డ్రిప్పు, మల్చింగ్ షీటు పెడితే మట్టి చిమ్మదు. 400 దాటిన చోట బంతి, చామంతి మంచివి. గుడిమల్కాపూర్ పూల మార్కెట్టు మీకు అందుబాటులోనే ఉంది. పత్తి కూడా వేయొచ్చు కానీ గింజను, చెక్కను పశువులకు పెట్టకండి. పడమటి గోడ వెంట రెండు వరుసలు గానుగ, వేప పెట్టి, మొదట్లో వట్టివేరు నాటితే దుమ్మూ ఆగుతుంది, వరద నీటికి మట్టి కొట్టుకురావడమూ తగ్గుతుంది.

సీసాన్ని విరిచే మందు లేదు. సీసం మూలకం. పురుగుమందులా అది కుళ్లిపోదు, విరగదు. పడిన చోట తరాల తరబడి ఉంటుంది. ఏదో ద్రావణం చల్లితే సీసం పోతుందని ఎవరైనా మందు డబ్బాలు అమ్మడానికి వస్తే కొనకండి. పొద్దుతిరుగుడు, ఆవాలు వేస్తే సీసాన్ని లాగేస్తాయని కూడా వింటూ ఉంటారు. అవి కాండంలోకి లాగేది చాలా స్వల్పం, అలా నేల శుభ్రం కావాలంటే మన జీవితకాలం చాలదు. ఎక్కువ లాగించడానికి ఈడీటీఏ లాంటి రసాయనాలు పోస్తే సీసం కరిగి బోరు నీటి వైపు దిగే ప్రమాదం ఉంది. ఆ పని మీ పొలంలో ఎవరినీ చేయనివ్వకండి.

మన చేతిలో ఉన్నది సీసాన్ని కదలకుండా కట్టేయడం. ఉదజని సూచిక 6.5 కంటే తక్కువ ఉన్న మడుల్లో, ముఖ్యంగా గోడ పక్క, పరీక్షలో చెప్పిన మోతాదులో సున్నం వేయండి. సూచిక 7 పైన ఉన్న మడులకు సున్నం అక్కర్లేదు. పశువుల ఎరువు బాగా మాగింది ఎకరాకు 10 టన్నుల దాకా వేయండి. కానీ ఆ గట్టు మీద మేసిన మీ బర్రెల పేడ మాత్రం వద్దు. పశువు తిన్న సీసంలో ఎక్కువ భాగం పేడలోనే బయటికి వచ్చేస్తుంది, మళ్లీ పొలానికే చేరుతుంది. పట్టణ చెత్తతో చేసిన కంపోస్టు కొనేటట్టయితే ల్యాబ్ రిపోర్టు అడగండి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అందులో సీసం కిలోకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు. సింగిల్ సూపర్ ఫాస్ఫేటులోని భాస్వరం సీసంతో కలిసి దాదాపు కరగని ఖనిజంగా మారుతుంది, మంచి సాయమే. కానీ బస్తాల మీద బస్తాలు గుమ్మరిస్తే జింకు, ఇనుము అందక పంట ఇంకా పసుపెక్కుతుంది. భాస్వరం ఎంత ఉందో చూసుకుని వేయాలి. ఎండిన నేలను ట్రాక్టరుతో దున్ని దుమ్ము లేపకండి, కొంచెం పదును ఉన్నప్పుడే దున్నండి.

గోడ పక్క మొలవని జాగా మట్టిని మీరే తవ్వి పోయకండి. ఇటుక బట్టీకో, గుంత పూడ్చడానికో ఇవ్వకండి. అది ప్రమాదకర వ్యర్థం కింద లెక్క. ఆ ఖర్చు మీరు పెట్టుకోవాల్సిన పని కూడా కాదు. కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం 2025 జులైలో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం అనుమానం ఉన్న స్థలాలను గుర్తించి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి తెలపడం స్థానిక సంస్థల, జిల్లా యంత్రాంగం బాధ్యత. పరీక్ష రిపోర్టు నకలు జతచేసి కలెక్టరుకు, మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, రసీదు తీసుకోండి. చుట్టుపక్కల రైతులంతా కలిసి ఇస్తే ఇంకా మంచిది, ఎందుకంటే గాలి మీ గట్టు దగ్గరే ఆగిపోయి ఉండదు.

ఇంట్లో ఆరేళ్ల లోపు పిల్లలు ఉంటే వాళ్లకు రక్తంలో సీసం పరీక్ష చేయించండి. పిల్లల పేగులు పెద్దవాళ్లకంటే ఎక్కువ సీసాన్ని పీల్చుకుంటాయి, అది చదువు మీద, ఎదుగుదల మీద పడుతుంది. డెసిలీటరు రక్తానికి 5 మైక్రోగ్రాములు లేదా అంతకు మించి వస్తే, సీసం ఎక్కడి నుంచి వస్తోందో గుర్తించి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంట్లో గర్భిణి ఉంటే ఆమెకూ చేయించాలి. పొలం నుంచి వచ్చాక చెప్పులు గడప బయటే వదిలి, కాళ్లూ చేతులూ కడిగి, బట్టలు మార్చుకున్నాకే పిల్లల్ని ఎత్తుకోండి. పిల్లల్ని ఆ గోడ దగ్గర ఆడనివ్వకండి.

బోరు నీటిని కూడా ఒక బాటిల్‌లో పట్టి మట్టితో పాటే ల్యాబ్‌కు ఇవ్వండి. సీసం మామూలుగా అంత లోతుకు దిగదు. కానీ ఆమ్లం పారిన చోట అలా అని ధీమాగా ఉండలేం. తాగే నీటిలో లీటరుకు 0.01 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి, వంటకు వాడకండి. రిపోర్టులు వచ్చాక మడుల వారీగా అంకెలు రాసి పంపండి. ఏ మడిలో ఏ పంట, ఎంత సున్నం, ఎంత సూపర్ అన్నది వాటిని చూసి యాసంగి విత్తనానికి ముందే చెప్తాను.