స్కూల్లో కౌన్సిలర్ ఉంటే పిల్లలకు నిజంగా ఉపయోగం ఉంటుందా?

ఉంటుంది. మా వాడి కడుపునొప్పి తగ్గించింది ఆవిడే, డాక్టరు కాదు.

మన దగ్గర కౌన్సెలింగ్ అంటే ఎంసెట్ సీట్లకు జరిగేది, కాదంటే స్టేషన్‌కు పిలిచి రౌడీషీటర్లకు ఇచ్చేది. అందుకే 'కౌన్సిలర్ మేడమ్ ఒకసారి రమ్మన్నారు' అని స్కూలు నుంచి ఫోన్ రాగానే మా ఆవిడ 'వీడేం చేసొచ్చాడండీ' అని కంగారుపడింది.

వాడప్పుడు ఎనిమిదో తరగతి, విజయవాడలో. ఆదివారం సాయంత్రమైతే చాలు, కడుపు పట్టుకుని కూర్చునేవాడు. మా అమ్మ దిష్టి తీసింది, వాము నీళ్లు తాగించింది. నేను స్కానింగ్ చేయించాను. ఏమీ లేదన్నారు.

కౌన్సిలర్ మేడమ్‌కి స్కూలువాళ్లిచ్చింది ఆటసామాన్ల గదిలో ఓ మూల. రెండు కుర్చీలు, ఓ క్యారమ్ బోర్డు. 'నీ సమస్యేంటి' అని అడగనే లేదట. మూడు రోజులు ఊరికే క్యారమ్ ఆడించింది. నాలుగో రోజు వీడు రెడ్ వేసి, ఫాలో కోసం స్ట్రైకర్ సర్దుకుంటూ, తలెత్తకుండానే 'అన్నం ఒక్కడినే తింటున్నా మేడమ్' అన్నాడట.

మార్కులు తగ్గాయని వాణ్ణి ఏ సెక్షన్ నుంచి సీ సెక్షన్‌కి దింపారు. అంతవరకే మాకు తెలుసు. ఎల్‌కేజీ నుంచి పక్కన కూర్చున్న స్నేహితుడు పై అంతస్తులోనే ఉండిపోయిన సంగతి మాకు తట్టనే లేదు. ఆవిడ ప్రిన్సిపాల్‌తో మాట్లాడి, మధ్యాహ్నం పైకెళ్లి తినడానికి ఒప్పించింది. నాతో మాత్రం 'సార్, ఒక్క నెల ఇంట్లో ర్యాంకు ఊసెత్తకండి' అంది. ఒళ్లు మండింది. ఫీజు కట్టేది నేను, నోరు మూసుకోవాల్సిందీ నేనేనా! అయినా ఊసెత్తలేదు. మూడో ఆదివారం సాయంత్రం వాడు బ్యాటు పట్టుకుని గ్రౌండుకి పోయాడు.

నన్నడిగితే మన పిల్లల కడుపునొప్పుల్లో సగం ఈ సెక్షన్ నొప్పులే. వీలైనంతవరకు మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టొద్దని 2025 జులైలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కి వెళ్లి చనిపోయిన అమ్మాయి కేసది. 100 మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత ఉన్న కౌన్సిలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలన్నదీ అందులోనే ఉంది. మా వీధి చివర హోర్డింగు నిండా ఇంకా ర్యాంకుల ఫొటోలే.

ఉన్న ఆవిడనైనా పని చేసుకోనిచ్చారా? ఏ టీచరు సెలవు పెట్టినా ఆ పీరియడ్ ఆవిడకే, పరీక్షలొస్తే ఇన్విజిలేషనూ ఆవిడకే. పొద్దున క్లాసులో 'సైలెన్స్' అని కేకలేసిన మనిషి దగ్గర మధ్యాహ్నం ఏ పిల్లాడు మనసు విప్పుతాడు? ఏడాది తిరక్కుండా మానేసింది.

మొన్న ఏప్రిల్లో చిన్నదాని ఫీజు కట్టడానికి వెళ్తే ఆ గదికి గాజు తలుపు, ఏసీ వచ్చాయి. తలుపు మీద కౌన్సిలర్ అనే రాసుంది. పర్లేదే అనుకుని లోపలికెళ్లాను. టై కట్టుకున్న కుర్రాడు బ్రోషర్ చేతిలో పెట్టి, 'ఏ క్లాసుకి సార్ అడ్మిషన్?' అన్నాడు.