శూన్యంలో కరెంట్ ఎలా పారుతుంది సార్?

ప్రశ్న: 2024 మేలో లద్దాఖ్‌లోని హన్లేలో రాత్రిపూట ఆకాశం ఎర్రబడిన ఫోటోలు చూశాం. పైనుంచి కరెంట్ దిగడం వల్లే అలా అయిందన్నారు. వైరు లేకుండా శూన్యంలో కరెంట్ ఎలా వస్తుంది సార్? అసలు సూర్యుడే కరెంట్‌తో వెలుగుతున్నాడని, సైంటిస్టులు దాస్తున్నారని ఒక వీడియోలో చెప్పారు, నిజమేనా? (డిగ్రీ విద్యార్థి, కర్నూలు)

జవాబు: మొదటిది నిజం బాబూ, రెండోది కాదు. మీ ఇంట్లో ట్యూబ్‌లైట్ చూడండి, ఈ చివరికీ ఆ చివరికీ మధ్య వైరేమీ ఉండదు. స్టార్టర్ రెండు మూడుసార్లు టిక్కుటిక్కుమన్నాక లోపలి గ్యాస్‌లోంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి, ఇక ఆ గ్యాసే వైరు. అదే ప్లాస్మా. అంతరిక్షం కూడా ఉత్త ఖాళీ ఏం కాదు, సూర్యుడి నుంచి సెకనుకి దాదాపు 400 కి.మీ. స్పీడుతో ప్లాస్మా వీస్తూనే ఉంటుంది, కాకపోతే మరీ పల్చన, భూమి దగ్గరకొచ్చేసరికి ఘనపు సెంటీమీటరుకి ఓ ఐదు ప్రోటాన్లు, వాటికి సరిపడా ఎలక్ట్రాన్లు.

మరి ఆ కరెంట్‌కి దారి ఎవరు చూపిస్తారంటే, అయస్కాంతం. చిన్నప్పుడు పాత డబ్బా టీవీ దగ్గర స్పీకర్ మాగ్నెట్ పెట్టి ఆడేవాణ్ణి, హీరో మొహం సగం పచ్చగా సగం ఊదాగా అయిపోయేది, నాన్న చేతిలో రెండు పడేవి కూడా. అక్కడ వంగింది ఎలక్ట్రాన్లే. పైన భూమి అయస్కాంత రేఖల్ని చుట్టుకుంటూ ధ్రువాల వైపు దిగేవీ అవే.

నార్వేకి చెందిన శాస్త్రవేత్త క్రిస్టియాన్ బిర్కెలాండ్ కూడా ఒకరకంగా ఇదే ఆట ఆడాడు, కాస్త పెద్ద ఎత్తున. గాలి తీసేసిన గాజుపెట్టెలో అయస్కాంతం దాచిన గుండు పెట్టి దానిమీదకి ఎలక్ట్రాన్లు వదిలితే రెండు ధ్రువాల చుట్టూ వెలుగు వలయాలు కట్టాయి. అరోరాకి, అంటే ధ్రువాల వైపు రాత్రి ఆకాశంలో కనబడే రంగుల వెలుగుకి, కారణం అయస్కాంత రేఖల వెంబడి దిగే కరెంటే అని 1908లో రాశాడు. బ్రిటిష్ శాస్త్రవేత్త సిడ్నీ చాప్‌మన్ లాంటి పెద్దాయన ఒప్పుకోలేదు, కరెంట్లన్నీ పై వాతావరణంలోనే తిరుగుతాయన్నాడు, చాలామంది ఆయన మాటే పట్టుకున్నారు. 1966లో అమెరికా నేవీ శాటిలైట్ ఒకటి 1,100 కి.మీ. ఎత్తులో అయస్కాంత క్షేత్రం వణకడం పట్టుకుంది, అప్పుడు కూడా ఏవో తరంగాలేమో అనుకున్నారు, మరుసటి ఏడాదికి గానీ అది బిర్కెలాండ్ కరెంటేనని తేలలేదు. పాపం ఆయన 1917లోనే పోయాడు! సౌర తుఫాను వచ్చిన రోజుల్లో ఈ కరెంట్ పది లక్షల ఆంపియర్లు దాటుతుంది. మీ ఇంటి ఫ్యాను తీసుకునేది అర ఆంపియర్ కూడా ఉండదు.

ఆ ఎరుపు సంగతంటారా, అది 200 కి.మీ. పైనుండే ఆక్సిజన్‌ది. ఊపొచ్చిన ఆక్సిజన్ పరమాణువు ఆ ఎర్ర కాంతి వదలడానికి దాదాపు రెండు నిమిషాలు తీసుకుంటుంది, కింద గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి ఈలోపే ఇంకోటి వచ్చి గుద్దేసి ఆ ఊపు లాగేసుకుంటుంది, అందుకే ఎరుపు అంత పైనే.

ఇక ఆ వీడియో. బిర్కెలాండ్‌ని నమ్మలేదు కదా, మమ్మల్నీ అలాగే నమ్మట్లేదు అంటారు వీళ్ళు, నాకు నచ్చనిది ఈ లాజిక్కే. ఆయన కొలతలు తెచ్చాడు, వీళ్ళు యానిమేషన్ తెస్తారు. సూర్యుడి లోపల ఫ్యూజన్, అంటే హైడ్రోజన్ కేంద్రకాలు కలిసిపోయి శక్తి పుట్టడం, జరుగుతోందనడానికి సాక్ష్యం అందులో పుట్టే న్యూట్రినోలనే అతి చిన్న కణాలు, మీ బొటనవేలి గోరంత చోటులోంచి సెకనుకి దాదాపు 6,500 కోట్లు దూసుకెళ్తున్నాయి. ఒకప్పుడు లెక్కలో మూడోవంతే దొరికేవి, ఇంకేం, ఇలాంటివాళ్ళు ఫ్యూజన్ అబద్ధం అనేశారు. తీరా చూస్తే అవి దారిలో రకం మార్చుకుంటున్నాయి, 2001, 2002ల్లో కెనడాలోని సడ్‌బరీ గనిలో అన్ని రకాలూ కలిపి లెక్కపెడితే సరిగ్గా సరిపోయింది. ఆ సంగతి వీడియోలో చెప్పి ఉండరు.

ప్రశ్న: మన తెలుగు రాష్ట్రాల్లో అరోరా కనబడుతుందా? (గృహిణి, ఖమ్మం)

జవాబు: ఆశ పెట్టుకోకండమ్మా, మనం అయస్కాంత భూమధ్యరేఖకి మరీ దగ్గర. 1963 నవంబర్ 21న మన దేశం నుంచి ఎగిరిన మొదటి రాకెట్‌ని (అది అమెరికాలో తయారైంది) కేరళలోని తుంబా నుంచి వదలడానికి కారణం కూడా ఆ రేఖే, అక్కడ పగటిపూట 100 కి.మీ. ఎత్తులో తూర్పుగా కరెంట్ పారుతుంటుంది. మనవైపు జరిగేది వేరే. పొద్దుగూకాక పైనున్న ప్లాస్మాలో బుడగలు లేస్తాయి, కంటికి కనపడవు గానీ తిరుపతి దగ్గర గాదంకి రాడార్‌కి దొరుకుతాయి, మీ ఫోన్‌కొచ్చే జీపీఎస్ సిగ్నల్‌ని కూడా అప్పుడప్పుడు తడబడేలా చేస్తాయి.