కష్టపడిందా, కష్టాలు పడిందా?

సందేహం: ఒక యువతి కష్టాల మీద వచ్చిన నవల గురించి రాస్తూ, "కథానాయిక చిన్నప్పటి నుంచీ చాలా కష్టపడింది. చదువుతూ నేనూ కష్టపడ్డాను" అన్నాను. "అంత కొరుకుడుపడని పుస్తకమా?" అని స్నేహితురాలు నవ్వింది. తప్పెక్కడ?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

సమాధానం: వ్యాకరణం తప్పలేదు, అర్థం పక్కకు జరిగింది. సంస్కృతంలో 'కష్టం' ప్రధానంగా బాధ, ఇబ్బంది. తెలుగు వాడుకలో అది కూలిపనికీ చెమటకీ పాకింది. కాయకష్టం, కష్టార్జితం, కష్టజీవి అన్నప్పుడు మనకు తోచేది శ్రమే. అందుకే "చదువుతూ కష్టపడ్డాను" అంటే పేజీ పేజీకీ ఆయాసపడ్డారనే వినబడుతుంది.

కీలకం బహువచనంలో ఉంది. కష్టపడటం మనం చేసేది. కష్టాలు పడటం మన మీదికి వచ్చేది. బాధపడితే మనసు నొచ్చుకోవడం; బాధలు పడితే బతుకే నలిగిపోవడం. ఇబ్బందిపడటానికి నలుగురిలో ఒక్క మాట చాలు. ఇబ్బందులు పడటానికి నెలలు పడుతుంది. వీటికంటే చక్కని జంట అచ్చతెలుగులోనే ఉంది. 'చెడు' నుంచి 'చేటు' వచ్చినట్టే 'పడు' నుంచి 'పాటు' వచ్చింది. ఊరి కోసం పాటుపడినవాణ్ని మెచ్చుకుంటాం, నానా పాట్లు పడినవాణ్ని చూసి జాలిపడతాం. అయితే అన్ని మాటలూ ఈ దారిన నడవవు. అవస్థపడటానికీ అవస్థలు పడటానికీ తేడా పలచన. 'తిప్పలు' ఎప్పుడూ బహువచనమే.

అనుమానం వస్తే 'ఎంత', 'ఎన్ని' పెట్టి చూడండి. ఎంత కష్టపడిందో, ఎన్ని కష్టాలు పడిందో! మొదటిది కొలత, రెండోది లెక్క. "ఫీజు కట్టడానికి కష్టపడింది" అంటే సెలవుల్లో చెనక్కాయలు ఒలిచి కూలి డబ్బులు దాచుకున్న పిల్ల కనబడుతుంది. "ఫీజు కట్టడానికి కష్టాలు పడింది" అంటే కమ్మలు కుదువపెట్టి, ఇంటింటికీ అప్పుకు తిరిగిన పిల్ల. మీ కథానాయిక రెండూ చేసి ఉంటే రెండూ రాయండి; ఒకదానితో సరిపెడితే ఆమెకు అన్యాయం చేసినట్టే. 'కష్టపడు' కలిపి, 'కష్టాలు పడు' విడదీసి రాస్తే చదివేవారికీ తేలిక.

ఎదుటివారు పెట్టినవైనా ఇదే తీరు. అత్త మాటతో కష్టపెట్టింది అంటే మనసు నొప్పించింది. కష్టాలు పెట్టింది అంటే తిండి దగ్గర, పని దగ్గర రాపాడించింది. అత్తింటి వేధింపుకు 'ఆరళ్లు' అనే మంచి మాట ఉంది, నవలా సమీక్షల్లో దాన్ని ఎందుకో మరిచిపోతున్నారు. 'కష్టాల పాలైంది' మటుకు వేరు: అంతకుముందు బాగున్న బతుకు తలకిందులైందని అందులో ధ్వని. పుట్టినప్పటి నుంచీ లేమిలోనే ఉన్న పిల్లకు అది అతకదు. 'కష్టాలను ఎదుర్కొంది' అని పత్రికలు అందరికీ వాడేస్తున్నాయి. ఎదుర్కోవడమంటే ఎదురు నిలవడం. నోరెత్తకుండా భరించిన మనిషి గురించి ఆ మాట వాడితే కథే మారిపోతుంది.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోవచ్చు: "కథానాయిక చిన్నప్పటి నుంచీ ఎన్నో కష్టాలు పడింది. చదువుతుంటే నా మనసుకు కష్టమనిపించింది." మీ వైపు మాటలో "మనసుకు శానా కష్టమాయె" అన్నా తప్పు లేదు. 'మనసుకు' అన్న మాట తోడుంటే ఎవరూ నవ్వరు.